ఇంజిన్ మార్చిన కారుకు గేర్‌బాక్స్: లెక్క టైరు దగ్గర మొదలవ్వాలి

పాత కారులో బలమైన ఇంజిన్ బిగించాలనుకునేవారు ముందుగా మాట్లాడుకునేది హార్స్‌పవర్ గురించే. ఇంజిన్ దొరికాక, మౌంట్లు తయారయ్యాక, రేడియేటర్‌కు చోటు కుదిరాక గేర్‌బాక్స్ సంగతి గుర్తుకొస్తుంది. అప్పటికి చేతిలో డబ్బూ, మనసులో ఓపికా సగానికి వచ్చి ఉంటాయి. దాంతో ‘ఇది ఎంత హార్స్‌పవర్ తట్టుకుంటుంది?’ అనే ఒక్క ప్రశ్న అడిగి బేరం ముగించేస్తారు. చాలా మంచి కార్లు పాడయ్యేది అక్కడే. ఇంజిన్ ఎంత బలమైనదైనా ఆ బలాన్ని రోడ్డుకు చేర్చేది గేర్‌బాక్స్. కారు నడపడానికి హాయిగా ఉంటుందో, చేతికీ కాలికీ శిక్షగా మారుతుందో తేల్చేది కూడా అదే.

హార్స్‌పవర్ అంకెతో గేర్‌బాక్స్‌కు నేరుగా సంబంధం లేదు. పళ్ల మీదా షాఫ్టుల మీదా పడే భారం టార్క్, అంటే తిప్పే బలం. 400 హార్స్‌పవర్ ఇచ్చే రెండు ఇంజిన్లను తీసుకుందాం. ఒకటి ఆ శక్తిని 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇస్తుంది, మరొకటి 5,500 దగ్గర ఇస్తుంది. ఆ వేగాల్లో మొదటి ఇంజిన్ టార్క్ సుమారు 356 న్యూటన్ మీటర్లు, రెండోదాని టార్క్ సుమారు 518. శక్తి ఒకటే అయినా గేర్‌బాక్స్ మీద పడే బరువులో దాదాపు సగం తేడా ఉంది. టర్బో బిగించిన ఇంజిన్ల విషయంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. వాటి అత్యధిక టార్క్ మధ్య ఆర్‌పీఎంలోనే, అదీ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. కాబట్టి ఇంజిన్ బలాన్ని కొలిచే డైనమోమీటర్ కాగితంలో హార్స్‌పవర్ గీత కొసను చూడటం మాని టార్క్ గీత మొత్తాన్ని చదవాలి.

ఆ టార్క్ లోపల ఏం చేస్తుందో తెలిస్తే మిగతా విషయాలు సులభంగా అర్థమవుతాయి. వెనక చక్రాలతో నడిచే కార్లలోని సాధారణ గేర్‌బాక్స్‌లో ఇంజిన్ తిప్పే ఇన్‌పుట్ షాఫ్ట్, దాని వరుసలోనే మెయిన్ షాఫ్ట్, ఆ రెండింటి కింద లేషాఫ్ట్ ఉంటాయి. పై నుంచి శక్తి లేషాఫ్ట్‌కు దిగి, ఎంచుకున్న గేరు జత ద్వారా మళ్లీ మెయిన్ షాఫ్ట్‌కు ఎక్కుతుంది. రెండు గేర్ల పళ్లు ఒకదాన్నొకటి తోసుకునేటప్పుడు తిప్పే బలంతో పాటు షాఫ్టులను ఎడంగా నెట్టే బలం కూడా పుడుతుంది. టార్క్ పెరిగేకొద్దీ షాఫ్టులు రవ్వంత వంగుతాయి, అల్యూమినియం పెట్టె రవ్వంత సాగుతుంది. అప్పుడు పళ్లు పూర్తి వెడల్పున కాకుండా అంచుల మీద ఆనుకుంటాయి. పన్ను విరిగేది సాధారణంగా ఆ స్థితిలోనే. రెండు షాఫ్టుల మధ్య దూరం ఎక్కువైతే గేర్లు పెద్దవవుతాయి, ఒక్కో పన్ను మీద పడే బలం తగ్గుతుంది. బోర్గ్ వార్నర్ కంపెనీ గేర్‌బాక్స్ టీ-5లో ఆ దూరం 77 మిల్లీమీటర్లు, టీ-56లో 85. చూడటానికి ఎనిమిది మిల్లీమీటర్లే అయినా, ఆ రెండు పెట్టెల సామర్థ్యంలో కనిపించే తేడాకు మూలాల్లో అదొకటి.

ఈ రంగంలో తరచూ వినిపించే పేర్లు మరీ ఎక్కువేమీ లేవు. టీ-5 ఐదు గేర్ల తేలికపాటి పెట్టె. 1983 నుంచి ఫోర్డ్ ముస్టాంగ్‌లో ఏళ్ల తరబడి వచ్చింది. దాని బలమైన రకాలకు ఇచ్చిన పరిమితి 300 నుంచి 330 పౌండ్-అడుగులు, అంటే 407 నుంచి 447 న్యూటన్ మీటర్లు. ఆరు గేర్ల టీ-56 తొలిసారి 1992 డాడ్జ్ వైపర్‌తో వచ్చి, తర్వాత కమారో, కొర్వెట్ కార్లలోకి వెళ్లింది. బోర్గ్ వార్నర్ నుంచి ఈ గేర్‌బాక్స్‌ల తయారీ ట్రెమెక్ చేతికి వచ్చాక దీన్నే బాగా మెరుగుపరచి టీఆర్-6060 తయారు చేశారు. దాన్ని పాత కార్లకు అమర్చుకునేలా విడిగా అమ్మేది టీ-56 మాగ్నమ్. దాని పరిమితి 700 పౌండ్-అడుగులు, సుమారు 949 న్యూటన్ మీటర్లు. పాత టీకేఓ స్థానంలో వచ్చిన ఐదు గేర్ల టీకేఎక్స్‌కు 600 పౌండ్-అడుగుల పరిమితి ఉంది, అంటే సుమారు 813 న్యూటన్ మీటర్లు. వీటికి ముందు తరంలో మన్సీ ఎం22, ఫోర్డ్ టాప్‌లోడర్ వంటి నాలుగు గేర్ల పెట్టెలు ఉండేవి. అవి గట్టివే. కానీ ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజిన్ కంటే బయటి షాఫ్ట్ వేగంగా తిరిగే పై గేరు, లేని పెట్టెతో హైవే మీద గంటసేపు నడిపినవారెవరూ మరోసారి దాన్ని కోరుకోరు.

ఈ పరిమితి అంకెలను ఎలా చదవాలి? అవి ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గరి టార్క్‌ను సూచిస్తాయి. ఒక తయారీదారు ఒక బరువు, ఒక వాడకం ఊహించుకుని, అన్నేళ్లు మన్నుతుందని చెప్పే మాట అది. అన్ని కంపెనీలకూ ఒకటే కొలమానం ఉండదు. 600 అని రాసిన పెట్టె 601 దగ్గర పగిలిపోదు. అలాగని తగని చోట వాడితే 400 దగ్గర నిలుస్తుందన్న హామీ కూడా లేదు. ఎందుకో తెలుసుకోవాలంటే లెక్కను రెండో కొస నుంచి, అంటే టైరు నుంచి మొదలుపెట్టాలి.

డ్రైవరుతో కలిపి 1,500 కిలోల కారును ఊహించుకుందాం. వెనక చక్రాలతో నడుస్తుంది, టైర్లు 245/45 ఆర్18. ఆ టైరు వ్యాసం సుమారు 678 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్ధం 0.339 మీటర్లు. డిఫరెన్షియల్ నిష్పత్తి 3.73, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. గట్టిగా ముందుకు ఉరికినప్పుడు బరువులో 60 శాతం, అంటే 900 కిలోలు, వెనక టైర్ల మీద పడుతుందనుకుందాం. మామూలు రోడ్డు టైరు పట్టు గుణకం 1.0 అనుకుంటే, ఆ టైర్లు జారకముందు రోడ్డును వెనక్కి నెట్టగల గరిష్ఠ బలం సుమారు 8,830 న్యూటన్లు. వ్యాసార్ధంతో గుణిస్తే ఇరుసు దగ్గర 2,993 న్యూటన్ మీటర్లు. 3.73తో భాగిస్తే గేర్‌బాక్స్ వెనక నుంచి బయటికి వచ్చే షాఫ్ట్ మీద 802. మాగ్నమ్ క్లోజ్ రేషియో పెట్టె మొదటి గేరు నిష్పత్తి 2.66తో మళ్లీ భాగిస్తే, ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గర మిగిలేది 302 న్యూటన్ మీటర్లు.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. ఇంజిన్ 700 న్యూటన్ మీటర్లు ఇవ్వగలదైనా, ఆ టైర్లతో మొదటి గేరులో నిలకడగా గేర్‌బాక్స్ గుండా పోయేది 302 మాత్రమే. అంతకు మించితే చక్రాలు జారిపోతాయి. రెండో గేరులో ఆ హద్దు 451, మూడో గేరులో 617, నాలుగో గేరులో 802. అంటే టైరు ఒక ఫ్యూజులా పనిచేస్తోంది. ఇప్పుడు అదే కారుకు డ్రాగ్ రేడియల్ టైర్లు బిగించి చూద్దాం. పట్టు గుణకం 1.5కు, వెనక పడే బరువు 75 శాతానికి చేరాయనుకుంటే మొదటి గేరు హద్దు 302 నుంచి 566కు ఎగబాకుతుంది. రెండో గేరులో అది 845 అవుతుంది కాబట్టి ఇంజిన్ ఇచ్చే 700 మొత్తం అందులోనే పళ్ల మీద పడుతుంది. ఇంజిన్ మారలేదు, గేర్‌బాక్స్ మారలేదు, టైర్లు మాత్రమే మారాయి. ఒకే గేర్‌బాక్స్ ఒకరి దగ్గర పదేళ్లు నడిచి, మరొకరి దగ్గర రెండు వారాల్లో విరగడం వెనకున్న రహస్యం ఇదే. బరువుకూ ఇదే లెక్క. కారు 2,000 కిలోలైతే రోడ్డు టైరుతోనే మొదటి గేరు హద్దు 400 దాటుతుంది.

ఈ లెక్కలో మరో మేలైన విషయం దాగి ఉంది. బయటి షాఫ్ట్ మీద పడే గరిష్ఠ భారం టైరు, డిఫరెన్షియల్ నిష్పత్తుల మీదే ఆధారపడింది. 3.08 డిఫరెన్షియల్‌తో అది 972 న్యూటన్ మీటర్లు, 4.10తో 730. పొట్టి డిఫరెన్షియల్, అంటే నిష్పత్తి అంకె పెద్దగా ఉన్నది, గేర్‌బాక్స్‌కు ఊరట ఇస్తుంది. ఇదివరకు అలా చేస్తే హైవే మీద ఇంజిన్ అరుపు భరించాల్సి వచ్చేది. ఇప్పుడు ఓవర్‌డ్రైవ్ ఆ ఇబ్బందిని తీరుస్తోంది. గేర్‌బాక్స్‌నూ డిఫరెన్షియల్‌నూ విడివిడిగా ఎంచుకోవడం పొరపాటు అనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

టైరు ఫ్యూజు పని చేయని సందర్భం ఒకటుంది. ఆర్‌పీఎం పెంచి క్లచ్‌ను ఒక్కసారిగా వదలడం. అప్పుడు ఇంజిన్ ఆ క్షణంలో ఇస్తున్న టార్క్‌తో పాటు, ఇంజిన్ వెనక గిరగిరా తిరుగుతున్న బరువైన చక్రంలో, అంటే ఫ్లైవీల్‌లో, నిల్వ ఉన్న శక్తి కూడా ఒక్క దెబ్బగా వచ్చిపడుతుంది. ఆ దెబ్బ ఎంత పెద్దదో నిర్ణయించేది క్లచ్ సామర్థ్యం. 1,000 న్యూటన్ మీటర్లు పట్టి ఉంచగల క్లచ్, ఇంజిన్ 600 ఇచ్చేదైనా సరే, క్షణకాలం 1,000 దాకా లోపలికి పంపగలదు. చక్రాలు పట్టుకుంటూ జారుతూ ఎగిరెగిరి పడే స్థితి ఇంకా ప్రమాదకరం. ప్రతి ఎగురుకూ గేరు పళ్ల మీద సమ్మెట దెబ్బ పడుతుంది. వెనక సస్పెన్షన్ బుష్‌లను బాగుచేయించడం గేర్‌బాక్స్ ఆయుష్షును పెంచే పని అని చాలామందికి తోచదు.

అందుకే క్లచ్‌ను అవసరానికి మించి ‘భద్రత కోసం’ పెద్దది తీసుకోవడం భద్రత ఇవ్వదు. ఇంజిన్ టార్క్ కంటే పావు వంతు ఎక్కువ పట్టగలిగితే వీధి కారుకు చాలు. ఆర్గానిక్ లైనింగ్ ఉన్న ప్లేటు మెల్లగా పట్టుకుని దెబ్బను మింగుతుంది. సిరామిక్ ముక్కల ప్లేటు ఠక్కున పట్టేసి ఆ దెబ్బను గేర్లకు అప్పగిస్తుంది. టార్క్ మరీ ఎక్కువైతే రెండు ప్లేట్ల క్లచ్ తీసుకోవడం మేలు. రాపిడి ఉపరితలాలు రెండుకు బదులు నాలుగవుతాయి కాబట్టి పెడల్ మీద మోయలేని స్ప్రింగు బరువు లేకుండానే అదే పట్టు వస్తుంది.

గేర్లలో మూడో గేరును ప్రత్యేకంగా గమనించాలి. మొదటి గేరులో టైరు కాపాడుతుంది. నాలుగో గేరు నిష్పత్తి 1.00 అయిన పెట్టెల్లో ఇన్‌పుట్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ నేరుగా ఒకటైపోతాయి, లేషాఫ్ట్ మీద భారమే ఉండదు. మధ్యలో ఉన్న మూడో గేరులో టైరు గట్టిగా పట్టుకుంటుంది, ఇంజిన్ పూర్తి టార్క్ ఇస్తుంది, అదంతా లేషాఫ్ట్ గుండానే పోతుంది, పైగా ఎక్కువసేపు పోతుంది. బలమైన ఇంజిన్ల వెనక టీ-5 పెట్టెల్లో మూడో గేరు విరగడం పేరుపడిన జబ్బు. ఓవర్‌డ్రైవ్ గేర్లకూ ఇలాంటి హెచ్చరికే వర్తిస్తుంది. అవి నింపాదిగా సాగే ప్రయాణానికి చేసినవి. తక్కువ ఆర్‌పీఎంలో టర్బో గాలి నిండుగా ఉండగా ఐదో, ఆరో గేరులో యాక్సిలరేటర్ నేలకు తొక్కి వేగం అందుకోవాలనుకోవడం గేర్‌బాక్స్‌కు చేసే అన్యాయం.

బలం సంగతి తేలితే, రోజూ చేతికి తెలిసే విషయం గేర్ల నిష్పత్తులు. మొదటి గేరు నిష్పత్తిని డిఫరెన్షియల్ నిష్పత్తితో గుణిస్తే వచ్చే అంకె కారు స్వభావాన్ని చాలా వరకు చెప్పేస్తుంది. టార్క్ దండిగా ఉన్న వీధి కారుకు అది 9 నుంచి 11 మధ్య ఉంటే బాగుంటుంది. 2.66ను 3.73తో గుణిస్తే 9.9, చక్కటి అంకె. నిస్సాన్ 350జెడ్‌లో వచ్చే సీడీ009 పెట్టె మొదటి గేరు 3.79. అదే డిఫరెన్షియల్‌తో గుణిస్తే 14 దాటుతుంది. పైన చెప్పుకున్న టైర్లతో 6,500 ఆర్‌పీఎం దగ్గర మొదటి అమరిక గంటకు 84 కిలోమీటర్లకు చేరితే, రెండోది 59 దగ్గరే ఆగిపోతుంది. పెద్ద వీ8 వెనక అలాంటి మొదటి గేరు దాదాపు వృథా. కారు కదిలిన మరుక్షణం రెండో గేరు కోసం చెయ్యి వెతుక్కుంటుంది. డిఫరెన్షియల్‌ను 3.08కి మార్చితే 11.7కు దిగి పరిస్థితి బాగుపడుతుంది. అయితే ఇంతకుముందు చూసినట్టు బయటి షాఫ్ట్ మీద భారం పెరుగుతుంది. ఒకచోట సర్దితే మరోచోట బిగుసుకునే వ్యవహారం ఇది.

గేరు మార్చినప్పుడు ఆర్‌పీఎం ఎంత పడుతుందో కూడా చూడాలి. 1990ల తొలినాళ్ల ముస్టాంగ్ వీ8 టీ-5లో మొదటి గేరు 3.35, రెండోది 1.99. 6,500 దగ్గర మార్చితే ఇంజిన్ 3,860 దగ్గరికి పడిపోతుంది. మాగ్నమ్ 2.66, 1.78 జతతో 4,350 దగ్గర ఆగుతుంది. కిందనుంచే టార్క్ ఇచ్చే పెద్ద ఇంజిన్‌కు మొదటిది పెద్ద ఇబ్బంది కాదు. పై ఆర్‌పీఎంలోనే ఊపిరి తీసుకునే చిన్న ఇంజిన్‌కూ, పెద్ద టర్బో బిగించినదానికీ ఆ గొయ్యి స్పష్టంగా తెలుస్తుంది. ప్రతి గేరు మార్పిడికీ టర్బో మళ్లీ మేల్కోవాల్సి వస్తుంది.

పై గేర్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు, ‘ఓవర్‌డ్రైవ్ ఎంత లోతుగా ఉంటే అంత మంచిది’ అనుకోవడం. మన ఉదాహరణ కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, 3.73 డిఫరెన్షియల్‌తో, నాలుగో గేరులో 2,920 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 0.63 ఆరో గేరు దాన్ని 1,840కి, 0.50 ఆరో గేరు 1,460కి దించుతాయి. మామూలు కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) ఉన్న పెద్ద వీ8 1,460 దగ్గర కూడా హాయిగా లాగుతుంది. పెద్ద కామ్ వేసిన ఇంజిన్ ఆ ఆర్‌పీఎంలో కుదుపుతుంది, మొరాయిస్తుంది. చేసేది లేక డ్రైవరు ఐదో గేరులోనే ఉండిపోతాడు. అంటే ఆరో గేరు బరువును ఊరికే మోసుకు తిరగడమే. డిఫరెన్షియల్ 4.10 అయితే 0.63తో 2,020 వస్తుంది. పెద్ద కామ్ ఉన్న ఇంజిన్‌కు ఇది ఎంతో సుఖమైన చోటు.

ఇక ఐదు గేర్లా ఆరు గేర్లా అన్నది గొప్పల కోసం తేల్చుకోకూడదు. టీకేఎక్స్ బరువు సుమారు 45 కిలోలు, మాగ్నమ్ సుమారు 60. టీకేఎక్స్‌ను పాత కార్ల టన్నెల్‌లో, అంటే గేర్‌బాక్స్ పట్టేలా కారు నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగంలో, తక్కువ కోతతో ఇమిడేలా రూపొందించారు. 700 న్యూటన్ మీటర్ల లోపు టార్క్, వారాంతపు ప్రయాణాలు, రోడ్డు టైర్లు అయితే ఐదు గేర్లు చాలు. ఆరో గేరు నిజంగా పనికొచ్చేది, పొట్టి డిఫరెన్షియల్‌తో చురుగ్గా పరుగెడుతూనే వందల కిలోమీటర్ల హైవే ప్రయాణాలు చేసే కారుకు. సూపర్‌చార్జర్ లేదా టర్బోతో 800 న్యూటన్ మీటర్లు దాటితే ఐదు గేర్ల ఆలోచన మానేయడమే ఉత్తమం.

గేరు పడేముందు తిరిగే భాగాల వేగాలను సమం చేసే సింక్రోనైజర్ల గురించి అంతగా ఎవరూ పట్టించుకోరు. కానీ వేగంగా నడిపే కారులో ముందు అలసిపోయేవి అవే. 6,500 ఆర్‌పీఎం దగ్గర రెండు నుంచి మూడుకు మార్చేటప్పుడు ఇన్‌పుట్ షాఫ్ట్, లేషాఫ్ట్, క్లచ్ ప్లేటు మొత్తం 4,750 దాకా నెమ్మదించాలి. ఆ పని చేసేది వేలెడు వెడల్పు కూడా లేని రాపిడి కోన్లు, అదీ రెప్పపాటులో. క్లచ్ ప్లేటు బరువెక్కితే ఆ కోన్ల శ్రమ పెరుగుతుంది. టార్క్ పరిమితి సరిపోయినా ఆర్‌పీఎం సరిపోని పెట్టెలు ఉండటానికి కారణం ఇదే. టీకేఎక్స్‌కు 8,000 ఆర్‌పీఎం దాకా గేర్లు మార్చగల సామర్థ్యాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవడం కూడా ఇందుకే. నూనె విషయంలో తయారీదారు మాటే చివరి మాట. టీ-56 కుటుంబం ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవంతో నడుస్తుంది. ‘ఇది మరింత చిక్కనిది కదా’ అని అందులో డిఫరెన్షియల్ నూనె పోస్తే కోన్లు ఒకదానికొకటి పట్టుకోక గేర్లు మొరాయిస్తాయి.

అసలు బలమైన గేర్‌బాక్స్ అంటే అమెరికావే అనుకోనక్కర్లేదు. టొయోటా సుప్రా ఏ80 టర్బోలోని గెట్రాగ్ వీ160, బీఎండబ్ల్యూ డీజిల్ కార్లలోని జెడ్ఎఫ్ ఆరు గేర్ల పెట్టె, సీడీ009 కూడా పేరు నిలబెట్టుకున్నవే. డీజిల్ కారు పెట్టె పెట్రోలు ఇంజిన్‌కు ఎందుకంటే, డీజిల్ టార్క్‌ను మోసేలా కంపెనీయే తయారు చేసింది కాబట్టి. అయితే ఈ పెట్టెలు కర్మాగారంలో మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మామూలు ఒంటి ముక్క ఫ్లైవీల్ బిగిస్తే న్యూట్రల్‌లో గలగల మోత మొదలవుతుంది. క్లచ్ నొక్కగానే ఆగిపోయే ఆ మోత సాధారణంగా హానికరం కాదు. కానీ ప్రతి సిగ్నల్ దగ్గరా అది వినడానికి సిద్ధపడాలి. మరోవైపు, సింక్రోలు లేని డాగ్ గేర్‌బాక్స్‌లు వీధి కారుకు తగవు. నేరుగా కోసిన పళ్ల ఏడుపు, నిదానంగా నడిపినప్పుడు గేర్లు పడే తీరు, తరచూ విప్పి సరిచేయాల్సిన అవసరం ట్రాక్ మీద చెల్లుతాయి, పని మీద వెళ్లే దారిలో చెల్లవు.

కాగితం మీద లెక్క ఎంత బాగా కుదిరినా, బిగింపులో మిల్లీమీటరు తప్పితే అంతా వృథా. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే బెల్ హౌసింగ్ రంధ్రం, క్రాంక్‌షాఫ్ట్ కేంద్రం ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ తగిలించి, ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ కొలిస్తే తేడా 0.005 అంగుళాల లోపు, అంటే సుమారు 0.13 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. దాటితే కేంద్రం పక్కకు జరిపిన డోవెల్ పిన్నులతో సరిచేయాలి. ఈ కొలత తీయడానికి ఒక పూట పడుతుంది. తీయకపోతే గేర్లు బిర్రుగా పడటం, ఇన్‌పుట్ బేరింగ్ అరగడం, క్లచ్ ప్లేటు మధ్యభాగం పగలడం వంటివి నెలల తర్వాత బయటపడతాయి. అప్పుడు అందరూ నిందించేది గేర్‌బాక్స్‌నే.

భాగాల జత కూడా పరీక్షే. పాత స్మాల్ బ్లాక్ షెవర్లే గేర్‌బాక్స్‌ను దాని తర్వాతి తరం వీ8 అయిన ఎల్ఎస్ ఇంజిన్ వెనక బోల్టులతో బిగించవచ్చు. కానీ చాలా ఎల్ఎస్ ఇంజిన్లలో క్రాంక్ వెనక అంచు పాతవాటికంటే సుమారు 0.4 అంగుళాలు, అంటే పది మిల్లీమీటర్లు, లోపలికి ఉంటుంది. ఆ దూరాన్ని పైలట్ బేరింగ్‌తో, ఫ్లైవీల్‌తో సరిచేయకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ కొసకు ఆధారం దొరకదు. రిలీజ్ బేరింగ్ ఎంత దూరం కదలాలి, దాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ ఎంత నూనె పంపగలదు అన్నది ముందే లెక్కించాలి. క్లచ్ పూర్తిగా విడవకపోతే ప్రతి గేరుకూ సింక్రో ఇంజిన్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంది. కొత్త పెట్టె కొద్ది రోజుల్లోనే అరవడానికి తరచూ కారణం ఇదే. పాత కమారోల నుంచి తీసిన టీ-56కు రివర్స్ గేరును అడ్డుకునే సోలెనాయిడ్ ఉంటుంది. దానికి కరెంటు ఇవ్వకపోతే రివర్స్ వేయడానికి లీవరును బలంగా తోయాలి. బెల్ హౌసింగ్ విషయంలో పొదుపు అసలు పనికిరాదు. అధిక ఆర్‌పీఎంలో ఫ్లైవీల్ లేదా క్లచ్ పగిలితే ముక్కలు ఎగిరేది డ్రైవరు పాదాల మీదికే. ఎస్ఎఫ్ఐ 6.1 ప్రమాణంతో వచ్చే ఉక్కు హౌసింగ్‌ల పని ఆ ముక్కలను లోపలే ఆపడం.

టన్నెల్ కోయడానికి భయపడి గేర్‌బాక్స్ వెనక భాగాన్ని కిందికి దించేవారున్నారు. అలా చేస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణాలు చెడిపోతాయి. గేర్‌బాక్స్ బయటి షాఫ్ట్, డిఫరెన్షియల్ పినియన్ ఒకదానికొకటి సమాంతరంగా ఉండి, రెండు చివరల యూనివర్సల్ జాయింట్ కోణాలు సమానంగా, మూడు డిగ్రీలు మించకుండా ఉండాలి. పూర్తిగా సున్నా కూడా మంచిది కాదు. జాయింటులోని సూది బేరింగులు కాస్తయినా కదలకపోతే ఒకే చోట గుంటలు పడతాయి. షాఫ్ట్ వేగాన్నీ మరవకూడదు. గంటకు 160 కిలోమీటర్ల దగ్గర మన కారు ప్రొపెల్లర్ షాఫ్ట్ 4,670 ఆర్‌పీఎంతో తిరుగుతుంది, ఇంజిన్ ఓవర్‌డ్రైవ్‌లో ఎంత ప్రశాంతంగా ఉన్నా సరే. పొడవైన సన్నటి షాఫ్ట్‌కు ఒక హద్దు వేగం ఉంటుంది. అది దాటితే స్కిప్పింగ్ తాడులా వంగి ఊగుతుంది. పొడవు ఎక్కువైతే లావుపాటి గొట్టమో, మధ్యలో బేరింగుతో రెండు ముక్కల షాఫ్టో తప్పదు. టన్నెల్‌ను శుభ్రంగా కోసి, పైన కొత్త రేకు వెల్డింగ్ చేయించడమే ఎప్పుడూ తక్కువ తలనొప్పి.

వాడిన గేర్‌బాక్స్ కొనేటప్పుడు బయటి మెరుపు చూసి మోసపోకూడదు. ఇన్‌పుట్ షాఫ్ట్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. ప్రతి గేరూ వేసి చేత్తో తిప్పాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ గరుకుగా తగిలితే అక్కడ పన్ను దెబ్బతిని ఉండవచ్చు. నూనె తీయించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అందులో కనిపించే సన్నటి బంగారు రంగు పొడి సింక్రో రింగుల మామూలు అరుగుదల. అయస్కాంతానికి అంటుకునే మెత్తటి నల్లటి జిగురు కూడా సహజమే. వేళ్ల మధ్య గుచ్చుకునే ఉక్కు పలుకు ఒక్కటి కనిపించినా ఆ పెట్టెను పూర్తిగా విప్పకుండా కారులో బిగించకూడదు.

కొత్తదైనా సరే, బిగించిన తర్వాత మొదటి 800 కిలోమీటర్లు ఊరి లోపలి ప్రయాణాలకే కేటాయించాలి. తరచూ ఆగుతూ, కదులుతూ, క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ నడిపితే లైనింగూ ఫ్లైవీలూ ఒకదానికొకటి అమరుతాయి. ఆ తర్వాత గేర్‌బాక్స్ నూనె మార్చి, పాత నూనెను తెల్లటి పళ్లెంలోకి వడగట్టి వెలుతురులో చూడాలి. మొదటిసారి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కేది ఆ పళ్లెం చూశాకే.